ఎనిమిదింటి దాకా ఉండే వెలుతురు



1897 ఫిబ్రవరిలో ప్యారిస్‌లోని గ్రాండ్ హోటల్ ద రుస్సీలో అరవై ఆరేళ్ల చిత్రకారుడొకరు గది అద్దెకు తీసుకున్నారు. పేరు కమీల్ పిస్సారో. ముప్ఫై ఏళ్లకు పైగా పొలం గట్ల మీద, నదుల ఒడ్డున, పల్లె దారుల్లో స్టాండు వేసుకుని బొమ్మలు గీసిన మనిషి. ఎండకూ గాలికీ అలవాటుపడిన ఆయన్ని నాలుగు గోడల మధ్యకు తెచ్చింది కంటి జబ్బు. కన్నీటి సంచికి మాటిమాటికీ చీము పట్టేది. గాలీ దుమ్మూ పడేవి కావు. దాంతో పెద్ద కిటికీలున్న హోటల్ గదులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. బొమ్మలు కొని అమ్మే పాల్ డ్యురాండ్ రుయెల్ కూడా నగర వీధుల మీద ఒక వరుస వేయమని ప్రోత్సహించాడు. ఈ హోటల్ కిటికీలోంచి మోంమార్త్ర్ బులెవార్డ్ అనే వెడల్పాటి వీధి చాలా దూరం వరకు కనిపించేది.

ఏప్రిల్ దాకా అక్కడే ఉండి, ఆ ఒక్క వీధినే ఆయన పద్నాలుగు సార్లు వేశారు. మబ్బు పట్టిన పొద్దున, వాన పడుతున్నప్పుడు, ఎండ కాసినప్పుడు, పండగ ఊరేగింపు పోతున్నప్పుడు, చివరికి రాత్రి దీపాలు వెలిగాక. వీధి అదే, కిటికీ అదే. మారింది వెలుతురు ఒక్కటే.

వాటిలో ఒకటి చలికాలపు ఉదయం. ఇప్పుడది న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. వెడల్పు 81 సెంటీమీటర్లు, ఎత్తు 65. రేడియోలో బొమ్మ చూపించడం కుదరదు కాబట్టి శ్రోతలు కాస్త ఊహించుకోవాలి. పైనుంచి చూస్తున్నట్టుగా ఒక పెద్ద వీధి. రెండు పక్కలా ఆకు రాలిన చెట్ల బారులు, వాటి వెనక ఎత్తయిన భవనాలు. వీధి దూరం పోయేకొద్దీ సన్నబడి పొగమంచులో కలిసిపోతుంది. గుర్రబ్బళ్లు, దుకాణాల ముందు జనం, కాలిబాట మీద పనులకు పోయేవాళ్లు. దగ్గరికి పోయి చూస్తే అక్కడ మనుషులే లేరు. నిలువుగా పెట్టిన కుంచె దెబ్బలు, అంతే. ఒక దెబ్బకు ఒక మనిషి. ముఖం లేదు, చేతులు లేవు. నాలుగడుగులు వెనక్కి వస్తే మాత్రం ఆ దెబ్బలన్నీ నడవడం మొదలుపెడతాయి. చలికి భుజాలు ముడుచుకున్నవాళ్లెవరో, పని తొందరలో ఉన్నవాళ్లెవరో తెలిసిపోతుంది.

ఈ పద్ధతి మీద అంతకు ఇరవై మూడేళ్ల ముందే పెద్ద గొడవ జరిగింది. 1874 ఏప్రిల్‌లో కొందరు చిత్రకారులు సర్కారు ప్రదర్శనకు పోటీగా, నాదార్ అనే ఫొటోగ్రాఫర్ ఖాళీ చేసిన స్టూడియోలో సొంత ప్రదర్శన పెట్టుకున్నారు. క్లోద్ మోనే ఆ స్టూడియో ఉన్న వీధినే బొమ్మగా వేసి పెట్టారు. లూయీ లెరువా అనే విమర్శకుడు ఓ హాస్య పత్రికలో ఆ బొమ్మలోని జనాన్ని చూసి, ఇవేం నల్ల మరకలని ఎగతాళి చేశాడు. మోనే వేసిన మరో బొమ్మ పేరు పట్టుకుని ఈ గుంపుకు ఇంప్రెషనిస్టులని పేరు పెట్టింది కూడా ఆయనే. వెక్కిరింపుగా పెట్టిన పేరే నిలిచిపోయింది. 1874 నుంచి 1886 వరకు ఆ గుంపు ఎనిమిది ప్రదర్శనలు పెడితే, ఎనిమిదింటిలోనూ పాల్గొన్నది ఒక్క పిస్సారోనే.

బులెవార్డ్ మీది జనమే కాదు, పిస్సారోకు అంగడీ కొత్త కాదు. ఆయన పుట్టింది ఫ్రాన్స్‌లో కాదు, కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవిలో, 1830లో. ఇరవై రెండేళ్లప్పుడు స్నేహితుడితో కలిసి వెనెజువెలా వెళ్లి, రెండేళ్ల పాటు కారకాస్‌లో ఉండి అక్కడి సంత బొమ్మలు గీశారు. ఫ్రాన్స్‌లో స్థిరపడ్డాక పొంత్వాజ్, జిజోర్ లాంటి చిన్న ఊళ్ల సంతల్లో కోళ్లు అమ్మే ఆడవాళ్లను, గుడ్ల బుట్టలను వేశారు. 1883లో మాంసం కొట్టులో పనిచేసే ఒక అమ్మాయిని వేశారు. దానికి ఆయన భార్య సోదరి కూతురే మోడల్. 1898లో రువాన్ నగరంలో చర్చి ముందున్న ఇరుకు వీధిని శుక్రవారపు సంతతో సహా, మళ్లీ కిటికీలోంచే చూసి వేశారు. రాజులూ దేవతలూ యుద్ధాలూ ఉంటేనే గొప్ప చిత్రమని నమ్మిన కాలంలో ఆయన కోళ్ల బేరాన్ని కాన్వాసుకు ఎక్కించారు. కూలి చేసుకుని బతికేవాళ్ల పక్షాన నిలిచే రాజకీయాలు ఆయనవి. అందుకే అమ్మేవాళ్లను జాలిగా చూపలేదు, ముద్దుగానూ చూపలేదు. పనిలో ఉన్నవాళ్లను పనిలో ఉన్నట్టే చూపారు.

ఇక హైదరాబాద్‌కు రావాలి. ఇక్కడి యూసుఫ్‌గూడ అంగడిని అలాంటి వెలుతురులో వేయొచ్చా అన్నది ప్రశ్న.

డిసెంబరు మూడో వారంలో ప్యారిస్ మీద సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా నేల నుంచి 18 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అంటే అక్కడ పగలంతా ఏటవాలు వెలుతురే. పన్నెండింటికి కూడా నీడలు మనిషికి మూడింతల పొడుగు. పిస్సారో, మోనే, వాళ్ల గుంపులోని సిస్లీ వేసిన చలికాలం బొమ్మల్లో కనిపించే ఆ మెత్తటి పసుపు, ఆ నీలి నీడలు, దూరాన ఉన్నవన్నీ గాలిలో కరిగిపోయినట్టుండడం, వీటికి ఒక ముఖ్య మూలం ఈ కిందివాటు సూర్యుడు. ప్యారిస్ కంటే హైదరాబాద్ భూమధ్యరేఖకు చాలా దగ్గర. అదే రోజు మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మే రెండో వారంలోనైతే సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడే పడదు.

మరి ప్యారిస్ మధ్యాహ్నపు వెలుతురు ఇక్కడ దొరకదా? దొరుకుతుంది, పొద్దున పూట. డిసెంబరు చివర హైదరాబాద్‌లో సూర్యోదయం దాదాపు 6 గంటల 40 నిమిషాలకు. సూర్యుడు 18 డిగ్రీల ఎత్తుకు చేరేసరికి 8 గంటల 10 నిమిషాలవుతుంది. ఆ గంటన్నరా యూసుఫ్‌గూడ వీధుల మీద పడేది పిస్సారో చలికాలపు వెలుతురే. అలాంటి గంటన్నర వేసవిలోనూ ఉంటుంది కానీ, మే నెలలో అది ఉదయం ఏడూ పదికల్లా ముగిసిపోతుంది. అప్పటికి బళ్ల మీద గోనె సంచులు ఇంకా విప్పుతుంటారు. డిసెంబరులోనైతే ఏటవాలు వెలుతురు, నిండా సర్దిన బండి, బేరానికి వచ్చిన జనం, మూడూ ఒకే సమయానికి కలుస్తాయి. అంగడిని చలికాలంలోనే వేయాలనడానికి ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

యూసుఫ్‌గూడ అంటే చాలామందికి పోలీసు బెటాలియన్ మైదానం, కోట్ల విజయభాస్కర్ రెడ్డి ఇండోర్ స్టేడియం, చెక్‌పోస్టు గుర్తొస్తాయి. ఒక పక్క జూబ్లీహిల్స్ ఎత్తు, ఇంకో పక్క రహమత్‌నగర్, బోరబండ బస్తీలు, కింద కృష్ణానగర్. ఈ నేల చదును కాదు. వీధులు ఎక్కుతూ దిగుతూ పోతాయి. బొమ్మ వేసేవాళ్లకు ఇది పెద్ద వరం. చదును నేల మీద ముందున్న మనిషి వెనకున్న మనిషికి అడ్డం వస్తాడు. వాలు వీధిలో పై నుంచి చూస్తే ఒకరి తల మీదుగా ఇంకొకరు, అలా చివరిదాకా అందరూ కనిపిస్తారు. పిస్సారోకు హోటల్ గదుల్లో దొరికింది కూడా ఈ చూపే. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో నడవడం మొదలయ్యాక, ఈ ప్రాంతానికి అలాంటి కిటికీ ఇంకొకటి వచ్చింది. స్టేషన్ మెట్ల మీది నుంచి కిందికి చూస్తే బండ్లు, గొడుగులు, తలపాగాలు, హెల్మెట్లు, కొప్పులు. అన్నీ పైనుంచి కనిపించేవే. ముఖాలు కనిపించవు. కుంచె దెబ్బలకు సరిగ్గా సరిపోయే దృశ్యం.

డిసెంబరు పొద్దున ఆ వీధిలో ఏముంటుందో ఒకసారి చూడాలి. టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ కుక్కర్ మూత తీసినప్పుడల్లా లేచే తెల్లటి ఆవిరి. ఎండ ఆ ఆవిరిలోంచి వస్తే అది పసుపు, నీడలో ఉంటే అదే ఆవిరి నీలం. స్వెట్టర్ల మీద శాలువా కప్పుకున్న పాలప్యాకెట్లవాళ్లు. మంకీ క్యాపు పెట్టుకుని వాకింగ్ ముగించి చాయ్ తాగే పెద్దమనుషులు. తోపుడు బళ్ల మీద చిక్కుడుకాయలు, అనపకాయలు, పచ్చి బఠాణీ, ఎర్రటి క్యారెట్లు, తెల్ల ముల్లంగి, జామకాయలు, రేగుపళ్లు. పూల బుట్టల్లో చేమంతులు, బంతులు. నేల మీద గోనె పట్టా పరిచి కూర్చున్న ఆకుకూరల అవ్వ.

“కొత్తిమీర ఎట్ల ఇస్తున్నవ్ అవ్వా?”

“పదికి రెండు కట్టలు బిడ్డా. పొద్దుగాల బోణీ బేరం, తీస్కపో.”

ఆ అవ్వ కట్ట మీద నీళ్లు చిలకరిస్తుంది. తడిసిన ఆకు మీద ఎండ పడితే ఆకుపచ్చ కనిపించదు, ఒక క్షణం తెల్లగా మెరుస్తుంది. ఇంప్రెషనిస్టులు వెంటపడింది ఆ క్షణం కోసం. కొత్తిమీర ఆకుపచ్చ అన్నది బుర్రకు తెలిసిన సంగతి. ఆ క్షణంలో కన్నుకు కనిపించింది తెలుపు. కన్ను చెప్పిందే వేయాలని వాళ్లు పట్టుబట్టారు.

నీడల సంగతీ అంతే. నీడ నలుపని అందరికీ తెలుసు. కానీ ఎండ పడని చోట కూడా ఆకాశం వెలుతురు పడుతూనే ఉంటుంది. చలికాలంలో హైదరాబాద్ ఆకాశం తేటగా ఉన్న రోజున ఆ వెలుతురు నీలం. అందువల్ల బండి కింది నీడ, గోడ పక్క నీడ, మెట్రో వంతెన పొడుగునా పరుచుకునే నీడ, అన్నీ నీలానికో ఊదా రంగుకో మొగ్గుతాయి. ఫ్రాన్స్‌లో ఈ సత్యం మంచు మీద బయటపడింది. 1868 చలికాలంలో మోనే మొదలుపెట్టిన ఒక బొమ్మలో మంచు కప్పిన దడి మీద నల్లటి పిట్ట ఒకటి వాలి ఉంటుంది. ఆ మంచు మీద నీడలు నీలంగా ఉన్నాయి. 1869లో సర్కారు ప్రదర్శన దాన్ని తీసుకోలేదు. ఇవాళ అది ప్యారిస్ ఓర్సే మ్యూజియంలో అందరూ నిలబడి చూసే బొమ్మల్లో ఒకటి. హైదరాబాద్‌లో మంచు పడదు. 1946 జనవరి 8న నమోదైన 6.1 డిగ్రీలే ఇక్కడి చలికి రికార్డు. అయినా నీలి నీడకు మంచే కావాలని లేదు. సున్నం కొట్టిన గోడ చాలు, ముగ్గు పిండి చల్లిన వాకిలి చాలు.

ఆ మాటకొస్తే రంగుల శాస్త్రాన్ని కళ్లకు కట్టే దుకాణం జనవరి మొదటి వారంలో ప్రతి బస్తీలోనూ వెలుస్తుంది. సంక్రాంతి ముగ్గులకు రంగులమ్మే బండి అది. గులాబీ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, నారింజ రంగుల పొడులను కుప్పలు పోసి పక్కపక్కనే పెడతారు. నీలం పక్కనున్న నారింజ మండుతున్నట్టు ఉంటుంది. అదే నారింజను తీసి ఎరుపు పక్కన పెడితే వెలవెలబోతుంది. పొడి మారలేదు, పక్కనున్న రంగు మారింది. 1839లో మిషెల్ షెవ్‌రోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఈ విషయం మీదే పెద్ద పుస్తకం రాశారు. ఆయన గోబ్లాన్ తివాచీ కార్ఖానాలో అద్దకం విభాగానికి అధిపతి. నల్ల దారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు వస్తే పరీక్షించి, దారంలో లోపమేమీ లేదని, పక్కనున్న రంగుల వల్ల కంటికి అలా తోస్తోందని తేల్చారు. ఇంప్రెషనిస్టుల తరం ఆ సూత్రాన్ని వాడుకుంది. రంగులను పలక మీద కలిపి మట్టిరంగు చేయకుండా, విడివిడిగా పక్కపక్కన పెట్టి, కలిపే పని కంటికే వదిలేశారు. ముగ్గు రంగుల బండికి ఆ పుస్తకంతో పనిలేదు. బేరం బాగా సాగాలంటే ఏ కుప్ప పక్కన ఏ కుప్ప పోయాలో ఆ బండివాళ్లకు అనుభవం నేర్పింది.

వీధిలోకి వెళ్లి బొమ్మ వేయడమే ఒకప్పుడు కష్టం. రంగులు నూరుకుని పంది మూత్రాశయం సంచుల్లో కట్టి తీసుకెళ్లేవారు. అవి చిట్లిపోయేవి, ఎండిపోయేవి. 1841లో లండన్‌లో ఉంటున్న జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు మడతపెట్టి పిండుకునే తగరపు గొట్టాన్ని కనిపెట్టాడు. ఇవాళ స్కూలు పిల్లల దగ్గర కూడా ఉండే రంగు ట్యూబు అదే. ఆ గొట్టం లేకపోతే చిత్రకారులు గదులు దాటి బయటికి రావడం ఇంకెంత ఆలస్యమయ్యేదో.

చలికాలపు వెలుతురు అందానికి ఒక చేదు కారణం కూడా ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఈ కాలంలో నేలకు దగ్గరగా చల్లగాలి, దాని మీద వెచ్చటి గాలి పేరుకుని మూతపెట్టినట్టు అవుతుంది. వాహనాల పొగ, రోడ్డు దుమ్ము, చెత్త తగలబెట్టిన పొగ పైకి పోలేక అక్కడే నిలుస్తాయి. దూరంగా ఉన్న భవనాలు మెత్తబడి కనిపించేది అందుకే. 2023లో అన్నా లీ ఆల్‌బ్రైట్, పీటర్ హైబర్స్ అనే శాస్త్రవేత్తలు ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ బొమ్మలను, మోనే బొమ్మలను పరీక్షించి ఒక పరిశోధన ప్రచురించారు. బొమ్మల్లో అంచులు మసకబారుతూ, రంగులు పాలిపోతూ వచ్చిన తీరు, లండన్, ప్యారిస్‌లలో బొగ్గు పొగ పెరిగిన తీరుతో సరిపోలిందని అందులో చూపించారు. యూసుఫ్‌గూడ పొద్దుటి మసకను వేసే చిత్రకారుడు అందాన్ని వేస్తున్నాడు, ఆకుకూరల అవ్వ రోజూ పీల్చే గాలినీ వేస్తున్నాడు. బొమ్మలో రెండూ ఉండాలి.

ఇంత వెలుతురు, ఇంత అంగడి చేతికి అందేంత దగ్గర్లో ఉన్నా, తెలుగు చిత్రకళలో పేరుపొందిన బొమ్మలు ఎక్కువగా వేరే దారిలో నడిచాయి. ఆ దారి గొప్పదే. చేర్యాల నకాశీ పటాలు, కలంకారీ గుడ్డలు, రెండింటికీ ప్రాణం గీత. గీత ముందు, రంగు తర్వాత. సిద్దిపేట కాపు రాజయ్య బతుకమ్మలను, బోనాలను వేసినా, నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మా గౌడ్ పల్లె మనుషులను చెక్కినా ఆ గీత బలం తెలుస్తుంది. కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం తెలంగాణ స్త్రీని ప్రపంచానికి చూపించారు. పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, ఒంటి నిండా నగలు. ఆ స్త్రీలను ఏ అంగట్లో చూసినా గుర్తుపట్టొచ్చు. కానీ వైకుంఠం బొమ్మలో పొద్దున్నో సాయంత్రమో తెలియదు, ఎండ ఏ వైపు నుంచి వస్తుందో తెలియదు. ఆయనకు ఆ అవసరమూ లేదు. కాలం తాకని మనిషిని వేయడమే ఆయన పని. పిస్సారో చేసింది దీనికి సరిగ్గా ఎదురు. మనిషిని ఒక్క కుంచె దెబ్బకు తగ్గించి, ఆ మనిషి మీద పడిన ఎనిమిది గంటల వెలుతురును పూర్తిగా వేయడం. వైకుంఠం స్త్రీ పిస్సారో వెలుతురులోకి నడిచి వస్తే ఎలా ఉంటుందో చూడాలని ఎవరికైనా అనిపించక మానదు.

వెలుతురు మీద మనసు పెట్టిన తెలుగు చిత్రకారుడు ఒకరు యూసుఫ్‌గూడకు కూతవేటు దూరంలోనే చాలాకాలం పనిచేశారు. ఖమ్మం జిల్లా మధిరలో 1940లో పుట్టిన సూర్యప్రకాశ్. మొదట్లో తుప్పు పట్టిన మోటారు సామాన్లను వేశారు. తర్వాత ఎండుటాకులు, బండరాళ్లు, నీటి మీద పడే నీడలు, తామర కొలనులు. ఆ కొలనుల ముందు నిలబడితే మోనే గుర్తుకు రాకుండా ఉండరు. 2019లో కన్నుమూశారు. బంజారాహిల్స్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి ఆయన ఆస్థాన చిత్రకారుడిగా ఉన్నారు. సినిమా దర్శకుడు, నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఇచ్చిన విరాళంతో వెలసిన ఆస్పత్రి అది. సినిమావాళ్ల డబ్బు, కంటి వైద్యం, వెలుతురును వేసే చిత్రకారుడు ఒకే కప్పు కింద కలిశారు. పిస్సారోకు కంటి జబ్బు, మోనేకు రెండు కళ్లలోనూ శుక్లాలు. 1923లో ఆపరేషన్ చేయించుకునే దాకా మోనే రంగులను ట్యూబుల మీద పేర్లు చూసి గుర్తుపట్టాల్సి వచ్చింది. ఈ ఇద్దరి కథలూ ఆ ఆస్పత్రి గోడల మీది బొమ్మలు చూసినప్పుడు గుర్తుకు తెచ్చుకోదగ్గవి.

వెలుతురు గురించి ఎక్కువ తెలిసినవాళ్లు మాత్రం చిత్రకారుల కంటే ముందు కృష్ణానగర్‌లో కనిపిస్తారు. 1950లలోనే అమీర్‌పేట దగ్గర సారథి స్టూడియోస్ వచ్చింది. ఆ తర్వాత అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. పెద్ద తారలు కొండ మీద ఇళ్లు కట్టుకుంటే, లైట్‌మెన్, సెట్ పెయింటర్లు, కార్పెంటర్లు, జూనియర్ ఆర్టిస్టులు కొండ కింద కృష్ణానగర్‌లో, యూసుఫ్‌గూడ బస్తీలో గదులు తీసుకున్నారు. తెల్లారకముందే కూడళ్ల దగ్గర ప్రొడక్షన్ బళ్లు ఎక్కేది వీళ్లే. ఎండ కాస్త కటువుగా ఉంటే పైన పల్చటి గుడ్డ కట్టి మెత్తబరచడం, నీడ పడిన ముఖం మీదికి థర్మాకోల్ అట్టతో వెలుతురు మళ్లించడం వీళ్లకు వెన్నతో పెట్టిన విద్య. “లైట్ పోతోంది, తొందరగా కానియ్” అన్న మాట షూటింగుల్లో ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కలేదు. 1957 నాటి మాయాబజార్‌లో వెన్నెల్లో పడవ విహారాన్ని కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ చూపించిన తీరు ఇప్పటికీ కెమెరామెన్ చెప్పుకునే పాఠం. సినిమా వెలుతురును కట్టడి చేస్తుంది. పొద్దున తీసిన షాటు, మధ్యాహ్నం తీసిన షాటు ఒకేలా ఉండాలి. ఇంప్రెషనిస్టు దాన్ని వదిలేస్తాడు. పొద్దుటిది పొద్దుటిలా, మధ్యాహ్నానిది మధ్యాహ్నంలా ఉండాలి. అయినా ఇద్దరికీ మూల విద్య ఒకటే, వెలుతురు ఎటు నుంచి వస్తోంది, ఏ రంగులో వస్తోంది అని అడగడం. ఆ ప్రశ్న రోజూ అడిగేవాళ్లు ఈ నగరంలో మరే పేటలోనూ ఇంతమంది ఉండరేమో. సెట్ల వెనక తెరల మీద ఆకాశాలు, వీధులు, గోపురాలు వేసిన పెయింటర్లలో ఎందరో తమ సొంత వీధిని వేసే తీరిక లేకుండానే రిటైరయ్యారు. ఈ విద్యను సినిమా బయట కూడా గుర్తించి, వాళ్ల చేతికి కాన్వాసు ఇవ్వడం ఆలస్యమైన బాధ్యత.

వైకుంఠం ఈ రెండు లోకాల మధ్య నడిచినవారే. బి. నర్సింగరావు తీసిన దాసి సినిమాకు ఆయన చేసిన కళా దర్శకత్వానికి జాతీయ అవార్డు వచ్చింది.

సాయంత్రం అంగడి ఇంకో బొమ్మ. పిస్సారో వేసిన పద్నాలుగింటిలో రాత్రి బొమ్మ ఒక్కటే. అది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆయన దాని మీద సంతకం చేయలేదు, బతికుండగా ప్రదర్శించలేదు. అందులో మూడు రకాల వెలుతురు ఉంది. రోడ్డు మధ్యలో కొత్తగా వచ్చిన కరెంటు దీపాల తెలుపు, దుకాణాల్లో గ్యాసు దీపాల పసుపు, గుర్రబ్బళ్ల నూనె దీపాల ఎరుపు. యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దగ్గర రాత్రి ఏడింటికి ఇవే మూడు కొత్త రూపాల్లో కనిపిస్తాయి. బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ తెలుపు, మిర్చి బజ్జీల బండి మీది బల్బు పసుపు, సిగ్నల్ దగ్గర ఆగిన కార్ల వెనక లైట్ల ఎరుపు. నూట పాతికేళ్లు దాటినా రంగుల వరుస చెదరలేదు.

ఈ బొమ్మలు త్వరగా వేయాల్సిన అవసరమూ ఉంది, ఎందుకంటే నగరాలు తమ అంగళ్లను తరలించేస్తాయి. ప్యారిస్ నడిబొడ్డున విక్టర్ బాల్టార్ ఇనుముతో, గాజుతో కట్టిన లే ఆల్ మార్కెట్ ఉండేది. ఎమిల్ జోలా 1873లో దాని మీద ఒక నవలే రాశారు. అందులో తెల్లవారుజామున క్యాబేజీ కుప్పల రంగులు చూసి మైమరచిపోయే చిత్రకారుడు ఒక పాత్ర. 1969లో ఆ మార్కెట్‌ను ఊరి బయటి రాంజిస్‌కు తరలించారు. 1971లో ఆ షెడ్లు కూల్చేశారు. హైదరాబాద్‌లోనూ ఇదే నడక. 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్‌ నుంచి పండ్ల హోల్‌సేల్ కొత్తపేటకు, అక్కడి నుంచి ఇంకా బయటికి పోయింది. జాంబాగ్ పూల వ్యాపారం గుడిమల్కాపూర్‌కు పోయింది. బోయినపల్లి మార్కెట్‌లో మిగిలిపోయిన కూరగాయలతో బయోగ్యాస్ తయారుచేసి రోజుకు 500 యూనిట్ల దాకా కరెంటు తీస్తున్నారు. మార్పులన్నీ చెడ్డవి కావు. కానీ వీధి పక్క బండికి స్థిరమైన చోటంటూ లేదు. రోడ్డు వెడల్పు చేస్తే పోతుంది, ఫ్లైఓవర్ వస్తే పోతుంది, ఫోన్‌లో ఆర్డరిస్తే పది నిమిషాల్లో కూరగాయలు గుమ్మం ముందుకొచ్చే రోజుల్లో గిరాకీ తగ్గి కూడా పోతుంది. ఫొటోలు కోట్లలో ఉంటాయి. అయితే ఒక కిటికీ దగ్గర రెండు నెలలు కూర్చుని ఒకే వీధిని పద్నాలుగు వెలుతురుల్లో చూసిన శ్రద్ధ ఆ ఫొటోల్లో ఉండదు.

పనిలోకి దిగదలచినవాళ్లకు కొన్ని ఆచరణ మాటలు. చిన్న కాన్వాసు తీసుకోవాలి. 81 సెంటీమీటర్ల బొమ్మకు హోటల్ గది కావాలి, వీధిలో మోకాళ్ల మీద పెట్టుకునేది అరచేతికి రెండింతలుంటే చాలు. నలుపు ట్యూబు ఇంట్లోనే వదిలేసి పోవాలి. నీలం, నారింజ కలిపితే నీడకు కావలసిన ముదురు రంగు వచ్చేస్తుంది. ముందు రోజే చోటు చూసుకోవాలి. వాలు వీధి పైభాగం, మేడ మీది టిఫిన్ సెంటర్ కిటికీ, తెలిసినవాళ్ల డాబా. తూర్పుకు ముఖం పెడితే మనుషులు నల్లగా, చుట్టూ వెలుగు అంచులతో కనిపిస్తారు. పడమటికి తిరిగితే రంగులు నిండుగా కనిపిస్తాయి. బండి ముందు అడ్డంగా కూర్చోకూడదు, అది వాళ్ల బేరం వేళ. ముందుగా ఓ కట్ట కొని, అడిగి కూర్చుంటే అవ్వే చోటు చూపిస్తుంది. బొమ్మ ముగిశాక ఆమెకు చూపించాలి. తన చీర రంగు ఎక్కడుందో ఆమె ఇట్టే పట్టేస్తుంది.

మాసబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి యూసుఫ్‌గూడకు బస్సులో పెద్ద దూరం లేదు. కృష్ణానగర్ సెట్ పెయింటర్లకైతే గడప దాటితే చాలు. డిసెంబరు రెండో వారం నుంచి భోగి దాకా నెల రోజులకు పైగా వ్యవధి ఉంటుంది. మొదటి వారాల్లో అనపకాయలు, జామకాయలు దొరుకుతాయి. జనవరి మొదలయ్యాక రేగుపళ్ల రాశులు, చెరకు గడల కట్టలు, పతంగుల దుకాణాలు, ముగ్గు రంగుల బళ్లు వరుసగా వచ్చి చేరతాయి. 6 గంటల 40 నిమిషాలకల్లా రంగుల పెట్టె తెరిచి సిద్ధంగా ఉంటే, 8 గంటల 10 నిమిషాల దాకా పని సాగుతుంది.